స్పీడ్ నోటీసు వచ్చిన తర్వాత: జవాబు ఎలా ఇవ్వాలి, ఆలస్యం చేస్తే ఏమవుతుంది

(ఒంగోలులో జరిగిన వాహన యజమానులు, డ్రైవర్ల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి అందిస్తున్నాము.)

అందరికీ నమస్కారం. చీమకుర్తి నుంచి, టంగుటూరు నుంచి, సింగరాయకొండ నుంచి, అటు కావలి నుంచి కూడా పని మానుకుని వచ్చిన లారీ యజమానులకు, కార్లు తిప్పుకునే సోదరులకు, వెనక నిలబడి ఉన్న డ్రైవర్లకు నా కృతజ్ఞతలు. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, దయచేసి వచ్చి కూర్చోండి.

నన్ను పిలిచినవారు చలానాల గురించి మాట్లాడమన్నారు. చలానాలన్నిటి గురించి చెప్పాలంటే ఈ పూట చాలదు. హెల్మెట్టు, సీటు బెల్టు, ఓవర్‌లోడు వంటివన్నీ పక్కన పెట్టి, ఒక్క ఓవర్‌స్పీడ్ నోటీసు గురించే చెప్తాను. ఎందుకంటే మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలు రెంటినీ ఉత్తర దక్షిణాలుగా చీల్చుకుంటూ పోయే పదహారో నంబరు జాతీయ రహదారి, మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు అనే పిలిచే ఆ రోడ్డు, తిన్నగా, వెడల్పుగా ఉంటుంది. ఆ రోడ్డు మీద కాలు తెలియకుండానే యాక్సిలరేటరు మీద బరువెక్కుతుంది. నోటీసు మాత్రం తెలిసేట్టుగానే వస్తుంది. వచ్చిన తర్వాత మనం ఏం చేస్తున్నాం? ఫోనులో మెసేజి చూసి, ‘చూద్దాంలే’ అని ఫోను జేబులో పెట్టుకుంటున్నాం. ఆ ‘చూద్దాంలే’ గురించే ఈరోజు నా మాటలన్నీ.

ముందు జరిమానా ఎంతో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు, ఆ సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 183వ సెక్షను వేగం గురించి చెప్తుంది. కారు వంటి తేలికపాటి వాహనమైతే వెయ్యికి తగ్గకుండా రెండు వేల రూపాయల వరకు, మధ్యరకం, భారీ వాహనమైతే రెండు వేలకు తగ్గకుండా నాలుగు వేల వరకు జరిమానా. చీమకుర్తి రాయి ఎత్తే లారీకి నాలుగు వేలు పెద్ద మొత్తమా? కాదని మీరే అంటారు. నేనూ ఒప్పుకుంటాను. జరిమానా చిన్నదే కాబట్టి నోటీసు కూడా చిన్న విషయమే అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది.

ఇంకొక ఆశ ఉంది మనవాళ్లకు. తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో మరొకసారి పెండింగు చలానాల మీద భారీ రాయితీ ఇచ్చారు. ఆ వార్త హైదరాబాదులో ఉన్న బంధువుల ద్వారా మన ఊళ్లకు చేరింది. అప్పటినుంచి ‘మనకూ ఎప్పుడో ఒకప్పుడు తగ్గించకపోతారా’ అని కూర్చున్నవారు ఎంతమంది లేరు? చేతులెత్తమని అడగను లెండి. రాయితీ ప్రకటించడం ఆయా ప్రభుత్వాల ఇష్టం. దాన్ని నమ్ముకుని నోటీసును పక్కన పడేస్తే, ఈలోగా నడవవలసినవి నడుస్తూనే ఉంటాయి.

పొగాకు వేలంలో ధర నచ్చకపోతే బేలు వెనక్కి తీసుకువెళ్లి మరో రోజు పెట్టుకోవచ్చు, ఈ సభలో చాలామందికి అది తెలుసు. నోటీసు విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఈరోజు మీరు చెప్పగలిగిన జవాబు మూడు నెలల తర్వాత చెప్పలేకపోవచ్చు.

జవాబు అంటే ఏమిటి? జవాబు అంటే డబ్బు కట్టడం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. కాదు. తప్పు ఒప్పుకుని కట్టడం ఒక జవాబు. ఆ సమయంలో బండి నడిపింది నేను కాదు, ఫలానా వ్యక్తి అని చెప్పడం ఒక జవాబు. ఆ బండి నాది కాదనో, ఆ వేగం తప్పనో అభ్యంతరం చెప్పడం ఒక జవాబు. ఏది మీ జవాబో తేల్చుకోవాలంటే ముందు నోటీసు చదవాలి. ఎవరు చదువుతున్నారండీ? జరిమానా ఎంతో కింద అంకె చూసి, మూసేస్తున్నాం.

కెమెరాల ద్వారా వచ్చే నోటీసులకు కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 167ఏ అనే నియమం ఉంది. 2021 ఆగస్టులో దాన్ని తెచ్చారు. ఆ నియమం ప్రకారం నోటీసులో ఏమేమి ఉండాలో వినండి. నేరం జరిగినట్టు స్పష్టంగా చూపే ఫొటో, అందులో నంబరు ప్లేటు, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షను కింద నేరమో, నోటీసు తేదీ, ఆ ఎలక్ట్రానిక్ రికార్డు నిజమైనదేనన్న ధ్రువీకరణ పత్రం, ఇవన్నీ ఉండాలి. ఆ పరికరానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చిన ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరాతో నిఘా పెట్టిన రోడ్డు మీద, నిఘా ఉన్నదని తెలిపే బోర్డు కనపడేట్టు పెట్టాలి. ఇవన్నీ మీకు దక్కిన హక్కులు. అయితే అడిగినవాడికే అవి హక్కులు.

ఫొటోను ఎలా చూడాలో కూడా చెప్తాను, ఎందుకంటే సగం తగాదాలు ఫొటోలోనే తేలిపోతాయి. ఫోను తెరను రెండు వేళ్లతో పెద్దది చేసి, ముందు బండి చూడండి, తర్వాత నంబరు చూడండి. మీది తెల్ల స్విఫ్టు, ఫొటోలో ఉన్నది ఎర్ర ఐ20 అయితే ఇక చెప్పేదేముంది? నంబరులో 3కూ 8కీ, బీకీ 8కీ మధ్య తేడాను మట్టి కొట్టుకుపోయిన ప్లేటు మీద మనిషి కన్నే పట్టుకోలేదు, కెమెరా ఎలా పట్టుకుంటుంది? టిప్పర్ల వెనక ప్లేటు మీద గ్రానైటు దుమ్ము ఎలా పేరుకుంటుందో నేను మీకు చెప్పనక్కర లేదు. బండి అచ్చు మీ బండిలాగే ఉండి, మీరు మాత్రం అక్కడ లేకపోతే, మీ నంబరును ఎవరో దొంగతనంగా వాడుతున్నారేమో అనుమానించాలి. అప్పుడది చలానా సంగతి కాదు, వెంటనే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవలసిన సంగతి. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

తర్వాత వేగం చూడండి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషను ప్రకారం మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గంటకు 100 కిలోమీటర్లు, సరుకు రవాణా వాహనానికి 80, మోటారు సైకిలుకు 80 గరిష్ఠ పరిమితి. ఇది పై పరిమితి మాత్రమే. రాష్ట్రం ఇంతకన్నా తగ్గించవచ్చు, ఊరు దగ్గరా, మలుపు దగ్గరా, పని జరుగుతున్న చోటా బోర్డు పెట్టి తగ్గించవచ్చు. కాబట్టి ‘కారుకు వంద కదా, నేను ఎనభైఅయిదే వెళ్లాను’ అనే ముందు, నోటీసులో ఆ చోట అనుమతించిన వేగం ఎంత రాశారో చూసుకోండి. ఇంకొక మాట. ఒక్క మనిషి చూసి ‘చాలా స్పీడుగా పోయాడు’ అని సాక్ష్యం చెప్పినంత మాత్రాన ఈ సెక్షను కింద శిక్ష వేయడానికి లేదు. యంత్రంతోనో ఎలక్ట్రానిక్ పరికరంతోనో కొలిచిన ఆధారం ఉండాలని చట్టమే చెప్పింది.

ఇక తేదీలు. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. అదే చట్టంలో 209వ సెక్షను ఉంది. వేగం నేరానికి శిక్ష వేయాలంటే, అక్కడికక్కడ హెచ్చరించి ఉండాలి, లేదా పద్నాలుగు రోజులలోపు నేరం ఏమిటో, ఎప్పుడో, ఎక్కడో చెప్తూ నోటీసు అందజేసో రిజిస్టరు పోస్టులో పంపో ఉండాలి, లేదా ఇరవైఎనిమిది రోజులలోపు కోర్టుకు రమ్మనే సమను అందించి ఉండాలి. ఈ మాట వినగానే కొందరి ముఖాలు వెలిగాయి, నాకు ఇక్కడి నుంచి కనపడుతోంది. ఆగండి. ఆ సెక్షనులోనే ఒక మినహాయింపు ఉంది. మీ పేరు, చిరునామా తగిన ప్రయత్నం చేసినా సకాలంలో దొరకకపోయినా, నోటీసు అందకపోవడానికి మీ ప్రవర్తనే కారణమైనా, ఆ రక్షణ మీకు వర్తించదు. చిరునామా మార్చుకోకుండా పాత ఇంటికి నోటీసు పోయేట్టు చేసుకున్నవారు ఈ సెక్షను ఎలా వాడుకోగలరు? ఇల్లు మారితే ముప్పై రోజులలో ఆర్‌సీలో, అంటే బండి రిజిస్ట్రేషను పత్రంలో, చిరునామా మార్పించుకోవాలని చట్టం చెప్తుంది. మన ఏపీ 26, ఏపీ 27 సిరీసు పాత బండ్లలో ఎన్నిటికి ఇప్పటి ఫోను నంబరు రికార్డులో ఉందో ఒక్కసారి ఆలోచించండి. బండి కొన్నప్పుడు షోరూము కుర్రవాడి నంబరో, ఫైనాన్సు ఏజెంటు నంబరో రాసి ఊరుకున్నవి ఎన్ని లేవు? మెసేజి వెళ్తూనే ఉంటుంది, మీకు మాత్రం అందదు.

రెండో జవాబు దగ్గరికి వద్దాం, బండి నడిపింది నేను కాదు అనే జవాబు. యజమానులు ఇక్కడ చాలామంది ఉన్నారు. పోలీసులు అడిగితే ఆ సమయంలో బండి నడిపినవారి పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు చెప్పడం 133వ సెక్షను ప్రకారం యజమాని బాధ్యత. చెప్పకుండా దాచినా, తప్పుడు పేరు చెప్పినా 179వ సెక్షను కింద అది మళ్లీ ఒక నేరం. తప్పుడు పేరు అన్నానని కొందరు నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. ఇంట్లో లైసెన్సు ఉన్నవారెవరో చూసి వారి పేరు రాసేయడం మన దగ్గర మామూలైపోయింది. ఇంకా లైసెన్సు రాని పిల్లవాడు నడిపితే నాన్న పేరు, కొత్తగా చేరిన డ్రైవరు నడిపితే పాత డ్రైవరు పేరు. అది వెయ్యి రూపాయల జరిమానాను అంతకన్నా పెద్ద నేరంగా మార్చుకోవడం.

సరే, నిజమే చెప్దామనుకున్నారు. ఆ రోజు బండి ఎవరి చేతిలో ఉంది? పెళ్లిళ్ల సీజనులో యాక్టింగ్ డ్రైవర్లను పిలుస్తాం. ఒకరోజు ఒకరు, మరునాడు మరొకరు. పేరు కూడా సరిగా తెలియదు, ఫోనులో ‘డ్రైవర్ కావలి’ అని ఉంటుంది. వారంలోపు అడిగితే గుర్తుంటుంది. నాలుగు నెలల తర్వాత అడిగితే? ‘మే నెలలో అన్నవరం పోయింది ఎవరబ్బా’ అని ఇంటిల్లిపాదీ తలలు పట్టుకుంటారు. ఆ డ్రైవరు నంబరు మార్చేసి ఉంటాడు, హైదరాబాదులో చేరిపోయి ఉంటాడు. అప్పుడు చట్టం ముందు మిగిలేది రికార్డులో ఉన్న యజమాని పేరొక్కటే.

మూడో జవాబుకు ఆలస్యం చేసే అన్యాయం ఇంకా ఎక్కువ. మీరు ఆ సమయంలో అక్కడ లేరని చెప్పడానికి మీ దగ్గర ఏముంటుంది? ఫాస్టాగ్ స్టేట్‌మెంటు ఉంటుంది. టంగుటూరు టోలుగేటు ఎప్పుడు దాటారో నిమిషంతో సహా అందులో ఉంటుంది. కావలి దగ్గర తీశారంటున్న ఫొటో సమయానికి మీ బండి టంగుటూరులో ఉంటే, అంతకన్నా గట్టి ఆధారం ఏం కావాలి? లారీలో జీపీఎస్ ఉంటే ఆ రికార్డు, ట్రిప్పు షీటు, డీజిలు కొట్టించిన బిల్లు, బంకులోని సీసీ కెమెరా దృశ్యం. ఈ సీసీ కెమెరాలున్నాయే, వాటిలో పాత దృశ్యం మీద కొత్తది ఎక్కేస్తూ ఉంటుంది. కొద్ది రోజులకో, మహా అయితే కొన్ని వారాలకో మీకు కావలసినది చెరిగిపోతుంది. బంకు యజమాని మంచివాడే, ఇస్తాననే అంటాడు, కానీ ఇవ్వడానికి ఏమీ ఉండదు. డీజిలు బిల్లు మీద అక్షరాలు మీకు తెలుసు కదా, ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెడితే తెల్లకాగితమైపోతుంది. నోటీసు వచ్చిన రోజే ఆ బిల్లును ఫొటో తీసి పెట్టుకోండి. పోలీసుల కెమెరా తీసిన ఫొటో మాత్రం కేసు ముగిసే దాకా భద్రంగా ఉంచాలని నియమమే ఉంది. వారి ఆధారం చెరగదు, మీ ఆధారం చెరుగుతుంది.

అమ్మేసిన బండ్ల విషయం విడిగా చెప్పాలి. పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీలో బండి ఇచ్చేసి, డబ్బు తీసుకుని, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి వచ్చేస్తాం. ఆ బండి ఎవరి చేతికి పోయిందో మనకు తెలియదు, ఆర్‌సీలో మాత్రం మన పేరే ఉంటుంది. రాష్ట్రంలోనే అమ్మితే పద్నాలుగు రోజులలో అమ్మినవారు ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలని 50వ సెక్షను చెప్తుంది. ఫారం 29, ఫారం 30 అందుకే ఉన్నాయి. బదిలీ చేయించకుండా వదిలేసిన బండి ప్రమాదం చేస్తే, రికార్డులో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు నష్టపరిహారం కేసులో తేల్చి చెప్పింది. కాబట్టి అమ్మేసిన బండికి స్పీడు నోటీసు వస్తే కోపం తెచ్చుకోకండి, నేనైతే అది మీ అదృష్టం అంటాను. బండి ఇంకా మీ పేరు మీదే తిరుగుతోందని ముందుగా తెలిసింది. అమ్మకం కాగితం, డబ్బు ముట్టిన బ్యాంకు ఎంట్రీ పట్టుకుని ఆ వారంలోనే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి.

ఆలస్యం వద్దన్నాను కదా అని తొందరపడి లింకులు నొక్కకండి. ఈ మధ్య వాట్సాప్‌లో ‘మీ బండికి చలానా పడింది’ అంటూ ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు, పంపుతున్నారు. దాన్ని ఇన్‌స్టాల్ చేసిన మరుక్షణం ఫోనులోని మెసేజీలు, ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి, వాటి వెంట ఖాతా కూడా ఖాళీ అవుతుంది. ఏ ప్రభుత్వ శాఖా చలానాను ఏపీకే ఫైలుగా పంపదు. మెసేజిలో వచ్చిన లింకు నొక్కకుండా, మీరే పరివహన్ ఈ-చలానా వెబ్‌సైటు తెరిచి, బండి నంబరు కొట్టి చూసుకోండి. చిరునామా చివర జీవోవీ డాట్ ఇన్ అని ఉందో లేదో గమనించండి. పొరపాటున డబ్బు పోతే అదే గంటలో 1930కి ఫోను చేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ జవాబూ ఇవ్వకుండా ఊరుకుంటే ఏమవుతుంది? మొదట ఏమీ కాదు. అదే ప్రమాదం, మొదట ఏమీ కాకపోవడం. గడువు ఎంతో నోటీసు మీదే ఉంటుంది, అది దాటాక చలానా కోర్టుకు పోవచ్చు. పోతే కోర్టు నుంచి సమను వస్తుంది. ఇలాంటి చిన్న నేరాలలో స్వయంగా రాకుండా న్యాయవాది ద్వారా హాజరయ్యేందుకో, నేరం ఒప్పుకుని పోస్టులో జరిమానా పంపేందుకో 208వ సెక్షను వీలు కల్పిస్తుంది. సమను అందాక కూడా పలకకపోతే వారంటు జారీ చేసే అధికారం కోర్టుకు ఉంది. వెయ్యి రూపాయల చలానాకు కానిస్టేబులు ఇంటి గుమ్మంలో నిలబడితే, చుట్టుపక్కలవారికి మీరు ఏమని చెప్పుకుంటారు?

కోర్టు దాకా పోకముందే ఆర్టీవో ఆఫీసులో పట్టుకుంటుంది. బకాయి చలానా బండి రికార్డులో కనపడుతూనే ఉంటుంది. బదిలీకి వెళ్లినా, ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు, వెళ్లినా ముందు అది తీర్చుకు రమ్మంటారు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ కావాలి. సరుకు లోడై, పార్టీ ఫోను మీద ఫోను చేస్తూ, ఎఫ్‌సీ గడువు రేపటితో అయిపోతుండగా, పాత చలానాలు బయటపడతాయి. అందులో ఒకటి మీది కాదు, నంబరు తప్పు పడింది. ఆ రోజు దాని మీద పోట్లాడే తీరిక మీకు ఉంటుందా? ఉండదు. మీది కాని తప్పుకు కూడా డబ్బు కట్టి వస్తారు. ఎఫ్‌సీ లేకుండా రోడ్డెక్కారా, అది వేరే నేరం.

కట్టేస్తే పీడా పోతుందనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. జరిమానా కట్టి రాజీ చేసుకున్నా, తర్వాత మళ్లీ అదే నేరం జరిగితే ఇది మొదటి నేరంగా లెక్కకు వస్తుందని 2019 సవరణలో చేర్చారు. వేగం నేరం రెండోసారి జరిగితే డ్రైవరు లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. అతివేగానికి కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండు చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది. యజమానికి అది ఒక చలానా కావచ్చు. డ్రైవరుకు మూడు నెలల జీతం, ఇల్లు గడవడం. యజమానులను ప్రత్యేకంగా అడుగుతున్నాను, డ్రైవరు పేరు రాసి ఇచ్చే ముందు అతన్ని పిలిచి ఆ నోటీసు చూపించండి. ‘పొద్దున్నకల్లా చెన్నై మార్కెట్లో ఉండాలి’ అని మీరే తొందరపెట్టి ఉంటే, పనివాడి చేత వేగంగా నడిపించిన యజమానికి కూడా అదే 183వ సెక్షను వర్తిస్తుందని మరచిపోకండి.

ఆరు నెలలు దాటితే చలానా చెల్లదని ఒక మాట స్టాండుల్లో తిరుగుతోంది. అందులో కొంత నిజం ఉంది. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు స్వీకరించకూడదని క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలోనూ ఉంది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. కానీ కేసు ఆ గడువులోపే కోర్టులో దాఖలై ఉంటే ఆ తర్వాత ఎంతకాలం గడిచినా ఈ వాదన నిలవదు. ఆలస్యాన్ని మన్నించే అధికారమూ కోర్టుకు ఉంది. మీ కేసు దాఖలైందో లేదో చూసుకోకుండా ఆరు నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడాన్ని న్యాయవాదిగా నేను సమర్థించను.

లోక్ అదాలత్ గురించి రెండు మాటలు. అది మంచి దారే, అక్కడ తేలిన రాజీకి అప్పీలు ఉండదు, వ్యవహారం అంతటితో ముగుస్తుంది. అయితే మీ చలానా ఆ జాబితాలో ఉందో లేదో ముందుగా కనుక్కోవాలి. నెల్లూరులోనూ, ఇక్కడ ఒంగోలులోనూ కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోను చేసినా వివరాలు చెప్తారు.

చీటీల మీద వచ్చిన ప్రశ్నలలో ఒకదానికి జవాబు చెప్పి ఆపేస్తాను. తడ దాటి తమిళనాడులో పడిన చలానాను పట్టించుకోవాలా అని ఒకరు అడిగారు. పట్టించుకోవాలి. చట్టం దేశమంతటికీ ఒక్కటే, చలానా ఏ రాష్ట్రంలో పడినా బండి నంబరు మీదే నమోదవుతుంది. తేడా ఏమిటంటే, వ్యవహారం కోర్టుకు పోతే అభ్యంతరం ఆ ప్రాంతపు కోర్టులోనే చెప్పాలి. రానుపోను ఖర్చు, పోయే రోజు కిరాయి లెక్క వేసుకుని, నిజంగా మీ తప్పయితే కట్టేయండి. మీ తప్పు కాకపోతే, ఖర్చు చూసి వెనకాడకుండా అక్కడి న్యాయవాది ద్వారా ముందుగానే జవాబు పెట్టండి.

మిగిలిన చీటీలు ఒక్కొక్కరి సొంత కేసులకు సంబంధించినవి, వాటిని అందరి ముందు చదవడం బాగుండదు. భోజనాల తర్వాత నేను ఈ పక్క గదిలో ఉంటాను. నోటీసు, ఆర్‌సీ, లైసెన్సు, ఫాస్టాగ్ స్టేట్‌మెంటు ఉన్నవారు పట్టుకుని రండి. నోటీసు మీద తేదీ బాగా పాతదైనవారు వరుసలో ముందు నిలబడండి.